పన్నెండో నిమిషం దాకా

ఆ సీరియల్ పేరు నేనిక్కడ రాయను. శనివారం హిందీలో వచ్చి, బుధవారానికల్లా తెలుగు మాటలతో ఫోన్లలోకి చేరే నేరాల సీరియల్ అది. మొన్నటి చలికాలంలో, డిసెంబరు మొదట్లో, అందులో ఒక ఎపిసోడ్ మా నాన్న గురించి వచ్చింది.

నాకు ముందు చెప్పింది మా పై అంతస్తులో ఉండే అనసూయ ఆంటీ. ఆఫీసుకి బయల్దేరి మెట్లు దిగుతుంటే ఆపి, లోపల మా అమ్మకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"వల్లీ, నిన్న ఒకటి చూశాను. మీ అమ్మకి చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నా. ముందు నువ్వు చూడు."

మయూర్ విహార్ నుంచి సాకేత్ వెళ్లే మెట్రోలో చూశాను. నలభై నిమిషాల ఎపిసోడ్. ఢిల్లీలో ఒక దక్షిణాది కుటుంబం. భర్త ప్రభుత్వోద్యోగి. జనవరి పొగమంచులో పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని, మఫ్లర్ చుట్టుకుని "వెళ్లొస్తా" అంటాడు. భార్య గుమ్మం దాకా వచ్చి, అతను మెట్ల మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తుంది. అది పన్నెండో నిమిషం. ఆ తర్వాత అతను ఎక్కడా కనిపించడు. మిగతా ఇరవై ఎనిమిది నిమిషాలూ పోలీసులు వెతుకుతారు. చివరికి భార్యే, వాళ్లింట్లో గది అద్దెకి తీసుకున్న కోచింగ్ కుర్రాడితో కలిసి, భర్తని చంపిందని తేలుతుంది.

పేర్లు మార్చారు. వయసులు తగ్గించారు. కానీ ఫ్లాట్ల రంగు మాదే. యమునా బ్యాంక్ స్టేషన్‌లో ఆఖరిసారి వాడిన మెట్రో కార్డు మా నాన్నదే. ప్లాట్‌ఫామ్ బెంచీ మీద దొరికిన లంచ్ బ్యాగూ ఆయనదే. ఇవన్నీ అప్పట్లో పేపర్లో వచ్చాయి.

మా నాన్న గోవిందరాజులు తొమ్మిదేళ్ల కిందట జనవరిలో ఒకరోజు ఆఫీసుకని బయల్దేరి, ఆఫీసుకి చేరలేదు. ఇంటికీ రాలేదు. నేను అప్పుడు హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరి ఉన్నాను. తమ్ముడు రవికిరణ్‌కి పదిహేడేళ్లు. వాడు ఆరింటికే ట్యూషన్‌కి వెళ్లిపోయాడు. మా ఇంట్లో ఒక గదిలో అద్దెకుండే సాయిప్రకాష్ సివిల్స్ కోచింగ్ కోసం ఏడింటికి లక్ష్మీ నగర్ వెళ్లిపోయాడు. నాన్న వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. పోలీసులు సాయిప్రకాష్‌ని రెండు రోజులు కూర్చోబెట్టి అడిగి, ఏమీ లేదని వదిలేశారు. అమ్మని కూడా చాలాసార్లు అడిగారు. ఎక్కడా శవం దొరకలేదు. నేను ఉద్యోగం మార్చుకుని ఢిల్లీ వచ్చేశాను. ఏడేళ్లు దాటాక అమలాపురం నుంచి బంధువులు ఫోన్ చేసి, ఇక కర్మకాండ జరిపించమన్నారు. "పోయాడని ఎవరు చూశారు?" అని అడిగి అమ్మ ఫోన్ పెట్టేసింది. బొట్టు తీయలేదు. మంగళసూత్రం తీయలేదు.

ఆ రోజు రాజీవ్ చౌక్‌లో రైలు మారాల్సింది మర్చిపోయి ముందుకు వెళ్లిపోయాను. ఎపిసోడ్ అయిపోయింది. కింద కామెంట్లు ఉన్నాయి. అవి చదువుతూ ఉండిపోయాను.

మొదటి సీన్‌లోనే కనిపెట్టాను, ఆ భార్య కళ్లు చూడండి అని ఒకరు. పోలీసాఫీసర్‌గా చేసినాయనకి పదికి పది మార్కులని ఇంకొకరు. మొగుడు కనపడకపోయినా అంత బొట్టు పెట్టుకుందంటేనే అర్థం కావడంలేదా అని ఒకావిడ. దాని కింద నలభై మంది అవునన్నారు. ఈ రోజుల్లో ఏ పెళ్లాం గుమ్మం దాకా వచ్చి సాగనంపుతుంది, వెళ్లాడో లేదో చూసుకోడానికి వచ్చింది అని ఒకాయన. ఇది నిజంగా జరిగిందట, మా చుట్టాలు ఢిల్లీలో ఉంటారు, వాళ్లకి ఆ కాలనీ తెలుసు అని మరొకాయన. భర్త వేషం వేసినాయన ఎంత సహజంగా ఉన్నాడో, ఇంకాసేపు ఉంచాల్సింది అని ఎవరో ఒక్కరు రాశారు.

మొదటిరోజు మూడు వందల కామెంట్లు. వారానికి పద్నాలుగు వందలయ్యాయి. అన్నీ చదివాను. ఆఫీసులో చదివాను, వంటింట్లో అన్నం ఉడికేలోపు చదివాను. మొదట్లో ఒక్కొక్కరికీ జవాబు రాసి, పంపకుండా చెరిపేసేదాన్ని. తర్వాత రాయడం మానేశాను. చదవడం మాత్రం మానలేదు.

ఆ ఆదివారం డాబా మీద ఎండలో కూర్చున్నాం, నేనూ రవీ. వాడు నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మేం తెలుగులో మాట్లాడితే వాడు హిందీలో జవాబిస్తాడు. ఆ రోజు మాత్రం కష్టపడి తెలుగులో అడిగాడు.

"దీదీ, ఆ రోజు నేను ట్యూషన్‌కి పోయాక ఇంట్లో ఝగడా ఏమైనా అయిందా?"

"ఎవరికి?"

"అమ్మకీ నాన్నకీ."

నేను వాడి వైపు చూశాను. వాడు చూడలేదు. నారింజ తొక్క తీసుకుంటున్నాడు.

"కొడుక్కి పదిహేడేళ్లు, వాడికి ఏమీ తెలీకుండా ఎలా ఉంటుంది అని ఒకడు రాశాడు. నాకు నిజంగా ఏమీ తెలీదు కదా దీదీ."

"సిగ్గులేదా నీకు?" అన్నాను. వాడు లేచి కిందికి వెళ్లిపోయాడు. ఒలిచిన నారింజ అక్కడే ఉండిపోయింది.

కోప్పడ్డానే గానీ, నా బుద్ధి మాత్రం ఎంత బాగుందని. ఆ రెండు వారాలూ అమ్మని చూసే చూపే మారిపోయింది నాకు. అద్దం ముందు బొట్టు దిద్దుకుంటుంటే చూసేదాన్ని. ఫోన్లో తక్కువ మాట్లాడి పెట్టేస్తే ఎవరా అనుకునేదాన్ని. ఒకరోజు పొద్దున పోపు వేస్తున్న అమ్మని, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"ఆ రోజు నాన్న ఏం తిని వెళ్లారమ్మా?"

"ఉప్మా," అంది. ఇటు తిరగలేదు.

పోలీసులకీ అదే చెప్పింది. కానీ పెద్దమ్మ వచ్చినప్పుడు, రాత్రి మిగిలిన చపాతీలు తిని వెళ్లారని ఏడ్చింది. నాకు బాగా గుర్తు. తొమ్మిదేళ్లుగా గుర్తున్న ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు తోచింది. ఆ పద్నాలుగు వందల మందిలో నేనూ ఒకదాన్నయ్యానని ఆ రోజు మెట్రోలో నిలబడి ఉండగా అర్థమైంది.

సాయిప్రకాష్ ఫోన్ చేసింది ఆ వారమే. ఇప్పుడు ఖమ్మంలో ఉద్యోగం, పెళ్లయింది, ఒక పాప.

"అక్కా, మంచిగున్నరా? గా ఎపిసోడ్ చూసిన్రా?"

"చూశాను."

"మా ఆమె గూడ చూసింది. ఏమనలే. ఏమనకపోవుడే కష్టమైతుంది అక్కా. నా సంగతి ఇడువుండ్రి. ఆంటీకి మాత్రం చూపియ్యకుండ్రి. రెండేండ్లు నాకు అన్నం పెట్టింది ఆమె."

అతను ఫోన్ పెట్టేశాక మా ఆఫీసులో లీగల్ పని చూసే లీలావతి మేడమ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆవిడ నెమ్మదిగా విని, ఫిర్యాదు ఎలా రాయాలో, ఛానెల్‌లో ఎవరికి పంపాలో చెప్పింది.

"మొత్తం ఎపిసోడ్ పంపకు. ఎవరూ చూడరు. ఎక్కడ మీ అమ్మగారికి మచ్చ వచ్చేలా ఉందో ఆ భాగం మాత్రం రికార్డు చేసి జతపెట్టు. పోలీస్ స్టేషన్ కాగితాలు కూడా పెట్టు."

రికార్డు చేసే పని రవి తీసుకున్నాడు. డాబా మీద అడిగిన మాట గురించి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. డిసెంబరు ఆఖర్లో ఇద్దరం సంతకాలు పెట్టి ఫిర్యాదు పంపాం. అమ్మకి చెప్పలేదు. ఎపిసోడ్ సంగతే అమ్మకి తెలీదనుకున్నాం.

జనవరి వచ్చింది. మంచు దిగి, మా బాల్కనీ నుంచి ఎదురు బ్లాకు కనిపించని రోజులు. నెల మూడో వారంలో ఒకరోజు, రిపబ్లిక్ డే రిహార్సల్ కోసం దారులు మూసేస్తున్నారని ఆఫీసు వాళ్లు మమ్మల్ని పన్నెండింటికే పంపించేశారు. ఇల్లు చేరేసరికి మంచు విడి ఎండ వచ్చింది. నా దగ్గరున్న తాళంతో తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను.

లోపల నాన్న గొంతు వినిపించింది.

అలా అనిపించింది. నిజానికి అది ఆ నటుడికి తెలుగు డబ్బింగ్ చెప్పినవాడి గొంతు. "చలి ఎక్కువగా ఉంది, కిటికీ వేసుకో" అంటోంది.

అమ్మ బాల్కనీలో మడతకుర్చీ మీద కూర్చుని బఠాణీలు వలుస్తోంది. ఎదురుగా స్టూలు మీద, రవి వాడేసి పక్కన పడేసిన పాత టాబ్లెట్, పచ్చడి జాడీకి ఆనించి ఉంది. అందులో అతను టిఫిన్ తిన్నాడు. చేతులు కడుక్కున్నాడు. మఫ్లర్ చుట్టుకున్నాడు. "వెళ్లొస్తా" అన్నాడు. అమ్మ వలవడం ఆపింది. ఆ భార్య గుమ్మం దాకా వచ్చింది. అతను మెట్లు దిగి మలుపు తిరిగాడు. అమ్మ చూపుడువేలు చాపి, తెర మీద గీతని మళ్లీ మొదటికి లాగింది. మళ్లీ తెల్లవారింది. అతను మళ్లీ నిద్ర లేచాడు.

నేను గదిలోనే నిలబడి ఉన్నాను. రెండోసారి కూడా అమ్మ అక్కడే ఆపి వెనక్కి లాగింది.

"అమ్మా," అన్నాను.

తుళ్లిపడలేదు. "వచ్చేశావా? అన్నం తిన్నావా?"

"ఎన్నాళ్లుగా చూస్తున్నావు ఇది?"

"అనసూయ చెప్పిందిగా. నీకు చెప్పి రెండురోజులు ఆగి నాకూ చెప్పింది. కడుపులో మాట దాచుకోలేదు ఆవిడ."

"తర్వాత ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. నేనే చంపానంట కదా." ఒక బఠాణీ కాయ విప్పి గింజలు గిన్నెలోకి జార్చింది. "అది నేను చూడలేదు. చూడను. నాకెందుకది?"

"మరి ఇది ఎందుకు?"

ఇంకో నాలుగు కాయలు వలిచింది. ఎదురు బ్లాకులో ఎవరో పరుపు దులుపుతున్న చప్పుడు.

"ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లిందే," అంది.

నేను కింద కూర్చున్నాను. అమ్మ బఠాణీలు వలుస్తూనే చెప్పింది.

"ఆ రోజు నాకు మెలకువ రాలేదు. లేచేసరికి ఏడు. టిఫిన్ చెయ్యడానికి టైము లేదు. రాత్రివి రెండు చపాతీలుంటే వేడిచేసి పెట్టాను. పోలీసులడిగితే ఉప్మా అని చెప్పాను. మొగుడికి చద్దిచపాతీలు పెట్టి పంపానని ఆ హిందీవాళ్లతో ఎలా చెప్పను? తర్వాత అదే అలవాటైపోయింది, మీ పెద్దమ్మకి తప్ప ఎవరడిగినా ఉప్మానే. ఆయన జోళ్లేసుకుని 'వెళ్లొస్తా కృష్ణా' అన్నారు. నేను గిన్నెలు తోముతున్నాను. నీళ్లు చల్లగా, వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఊఁ అన్నాను. వెనక్కి తిరగలేదు వల్లీ. ఆయన ఏ చొక్కా వేసుకున్నారో కూడా చూడలేదు. పోలీసులు రంగు చెప్పమంటే, బీరువా తీసి అందులో ఏది లేదో వెతికి చెప్పాను. అందుకే కదా వాళ్లకి అనుమానమొచ్చింది. పొద్దున చూసిన చొక్కాకి బీరువా ఎందుకమ్మా అన్నాడు ఆ ఇన్‌స్పెక్టరు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఏమని చెప్పను? ఊఁ అన్నానని చెప్పనా?"

టాబ్లెట్‌లో అతను మళ్లీ మఫ్లర్ చుట్టుకుంటున్నాడు. అమ్మ చేతులు ఆగాయి.

"ఇందులో ఆ పిల్ల వెళ్తుంది. రోజూ వెళ్తుంది. ఆయన మలుపు తిరిగేదాకా నిలబడుతుంది. అంతవరకూ చూసుకుంటే నాకు మధ్యాహ్నం కాస్త కునుకు పడుతోంది," అంది.

ఫిర్యాదు సంగతి నేను చెప్పలేదు. లోపలికి వెళ్లి, మంచం మీద కూర్చుని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని ఛానెల్‌కి మెయిల్ రాశాను. మీ అభ్యర్థన అందింది, పరిశీలిస్తాం అని అప్పటికప్పుడే జవాబొచ్చింది. ఒక నంబరు కూడా ఇచ్చారు. ఆ నంబరుతో మరో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అదే జవాబు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఆఫీసులో ఉండగా రవి మెసేజ్ పెట్టాడు. "హో గయా దీదీ. తీసేశారు. హిందీ కూడా." పక్కన చప్పట్ల బొమ్మ. పద్నాలుగు వందల మంది అభిప్రాయాలూ దాంతోపాటే పోయాయి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వల్లీ, ఇది చూడు. నెట్ రావట్లేదా?"

తెర నిండా బూడిదరంగు. మధ్యలో చిన్న అక్షరాలతో, ఈ వీడియో అందుబాటులో లేదు అని ఉంది.

"తీసేశారమ్మా."

"ఎవరు?"

"మేమే. నేనూ రవీ ఫిర్యాదు చేశాం. నీమీద అలా చూపించారని." ఇంకేదో చెప్పబోయాను, వెనక్కి తీసుకుంటామని రాశానని.

అమ్మ ఆలోచించింది. "మంచిపనే," అంది. "సాయిప్రకాష్ పాపం పెళ్లాంబిడ్డలున్నవాడు." టాబ్లెట్ స్టూలు మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. గ్యాస్ వెలిగించిన చప్పుడు, తర్వాత గిన్నె పెట్టిన చప్పుడు వినిపించాయి. ఇంకే చప్పుడూ లేదు.

రవి రాగానే వాణ్ని గదిలోకి లాగి తలుపు వేసి అంతా చెప్పాను. చపాతీలు, చొక్కా, బీరువా. వాడు బ్యాగు భుజానే ఉంచుకుని నిలబడి విన్నాడు. అంతా విన్నాక గోడకేసి తిరిగి, "మైఁనే క్యా పూఛ్ లియా థా," అన్నాడు. నేనేం అడిగాను ఆ రోజు అని. నేను వాడి భుజం మీది బ్యాగు తీసి కింద పెట్టాను.

కాసేపటికి ముఖం తుడుచుకుని, "నా లాప్‌టాప్‌లో రికార్డింగ్ ఉంది దీదీ. అమ్మకి అది పెట్టిస్తాను," అన్నాడు. అంటూనే ఆగిపోయాడు. నాకూ అప్పుడే తట్టింది.

వాడు రికార్డు చేసింది పదమూడో నిమిషం నుంచి.

మచ్చ వచ్చే భాగం మాత్రమే పంపమంది కదా లీలావతి మేడమ్. మచ్చలేని పన్నెండు నిమిషాలూ మేం వదిలేశాం. లాప్‌టాప్ తెరిచి చూశాం, ఎందుకో. నాన్న వేషం వేసినతను అందులో ఎక్కడా లేడు. పోలీసులు, ఆ భార్య, ఆ కుర్రాడు. రవి మూసేసి, నా ఎదుటే దాన్ని చెరిపేశాడు.

వారం రోజులు ఇద్దరం ఆ ఎపిసోడ్ కోసం నెట్టంతా వెతికాం. ఎక్కడా లేదు. ఆ మొదటి పన్నెండు నిమిషాలు మాకు విడిగా పంపగలరా, ఇంట్లో మాత్రమే చూసుకుంటాం అని ఛానెల్‌కి రాశాను. చాలా బతిమాలుతూ రాశాను. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకి అయిదు నక్షత్రాల్లో ఎన్నిస్తారో తెలపండి అని జవాబొచ్చింది.

అమ్మ మధ్యాహ్నాలు పడుకోవడం మానేసింది. అనసూయ ఆంటీతో పార్కుకి వెళ్లడం మొదలుపెట్టింది. కానీ ఆంటీ కూర్చోమన్నా కూర్చోకుండా నడుస్తూనే ఉంటుందట.

ఫిబ్రవరి చివర, చలి విరిగాక ఒక ఆదివారం, స్వెట్టర్లూ శాలువాలూ ఎండలో వేసి మడతలు పెడుతున్నాం. రవి కింద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అమ్మ ఒక స్వెట్టర్ చేతుల్లో పట్టుకుని ఆగిపోయింది.

"వల్లీ, మీ నాన్న గొంతు నీకు గుర్తుందా?"

"ఎందుకమ్మా?"

"నాకు ఆ సీరియల్ అతని గొంతే వినిపిస్తోంది. ఆయనది పట్టుకుందామంటే అదే అడ్డమొస్తోంది. ఇన్నాళ్లూ ఉంది నాకు. అన్నిసార్లు చూడకుండా ఉండాల్సింది."

గుర్తుందని చెప్పాను. కానీ చెవిలో వినిపించింది ఆ డబ్బింగ్ గొంతే. చలి ఎక్కువగా ఉంది, కిటికీ వేసుకో. మా ఇంట్లో నాన్న ఫోటోలున్నాయి. పెద్దమ్మ కూతురి పెళ్లి సీడీలో మంచినీళ్ల ట్రే పట్టుకుని వెనక నుంచి నడుస్తూ కనిపిస్తారు, వినిపించేది నాదస్వరమే. ఆయన మాట మాత్రం ఎక్కడా లేదు.

"ఎలా ఉండేది?" అని అడిగింది అమ్మ.

నేను చేతిలోని శాలువా మడత విప్పి మళ్లీ మడతపెట్టాను.

రవి ఫోన్ పక్కన పెట్టాడు. వీపు నిటారుగా చేసి, చేతిని రిసీవర్‌లా చెవి దగ్గర పెట్టుకుని, తెలుగులో అన్నాడు.

"ఆఁ, గోవిందరాజుల్నే. చెప్పండి."

అమ్మ వాడి వైపు తిరిగింది.

"అంత గట్టిగా కాదు," అంది. "ఆయన ఫోన్లో ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు."

వాడు గొంతు తగ్గించి మళ్లీ అన్నాడు.

"చెప్పండి అనే ముందు ఆగాలి. ఎవరో ఏమిటో అని కాస్త ఆగి, అప్పుడు చెప్పండి."

నేను కూడా ప్రయత్నించాను. నాది బాగా సన్నగా వచ్చింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. రవి మళ్లీ అన్నాడు, ఈసారి చాలా నిదానంగా, పేరు చివర కొంచెం సాగదీసి, ఆగి. అమ్మ స్వెట్టర్ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"మళ్లీ అను," అంది.